అన్నీ మాఫ్ చేసే విమానం

జూలై 8, మంగళవారం

విమానం ముక్కు కుదిరింది! ఎన్ని రోజులుగా వంకరగా కనబడి నా ప్రాణం తీసిందో. ఇంజన్ మీది రేకు మూతను కాస్త కిందికి దించితే సరిపోయింది. ఇంతే. దీనికోసం నిన్న మధ్యాహ్నం అన్నం మానేసి అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఇవాళ అమ్మ మేడ మీదికి వచ్చి స్క్రీను వంక చూసి అడిగింది. "గిదేంది పిల్లా, పొద్దుగాల్నుంచి గీ ఒక్క బొమ్మనే తిప్పుతున్నవ్?"

బొమ్మ కాదు, కృషక్ అని చెప్పాను. మన సైన్యం దగ్గర ఒకప్పుడు ఉన్న చిన్న విమానం. బాంబులు వేసేది కాదు. మెల్లగా, తక్కువ ఎత్తులో ఎగురుతూ అవతలివాడు ఎక్కడున్నాడో చూసి చెప్పేది. ఇప్పుడు మ్యూజియంలో చూడాల్సిందే. దాన్ని నేను కంప్యూటర్‌లో మళ్లీ తయారు చేస్తున్నాను, సిమ్యులేటర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఎగిరించుకోవచ్చు అని కూడా చెప్పాను. అమ్మ అంతా విన్నది. "అసలు విమానం నడుపనీకి పంపితిమి. నువ్వు ఉత్తుత్త విమానం చేసుకుంట కూసున్నవ్," అని బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

సెలవులో ఉన్నాను కదా మరి. మోకాలు పూర్తిగా తగ్గాలని డాక్టరే... లేదు, డాక్టర్ తగ్గిపోయిందనే అన్నాడు. కానీ మెట్లు దిగేటప్పుడు ఒక చోట పట్టేస్తుంది. ఫ్లయింగ్ స్కూల్లో పెడల్ తొక్కాలంటే మోకాలు గట్టిగా ఉండాలి. పూర్తిగా తగ్గాకే వెళ్తాను. అప్పటిదాకా ఖాళీగా ఎందుకు కూర్చోవాలి?

జూలై 9

ఫ్లయింగ్ స్కూల్ నుంచి నాతోపాటు నేర్చుకునే సోనాలి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మోకాలు నొప్పి.

జూలై 14, సోమవారం

దుకాణానికి వెళ్లకుండా ఉండాల్సింది.

బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి అమ్మ పంపింది. వజీరాబాద్ బజారులో మా స్టీలు సామాన్ల దుకాణం ముందు అడుగు పెట్టానో లేదో, పక్క ప్లాస్టిక్ దుకాణం కాశీరాం కాకా గొంతు. "కాయ్ పైలట్ బాయి! కబ్ ఉడేగీ?" ఎప్పుడు ఎగురుతావని.

నేను నోరు తెరిచేలోపే బాపు లోపల్నుంచి అరిచాడు. "వాళ్ల స్కూల్ విమానాలు రిపేరుకు పోయినయి కాకా. అచ్చినంక పోతది."

మే నెల నుంచి ఇదే చెబుతున్నాడు. ఇన్ని నెలలు రిపేరులో ఉండే విమానాలు ఎక్కడైనా ఉంటాయా? కాశీరాం కాకా తల ఊపాడు. ఆ ఊపడంలోనే తెలిసిపోతుంది, ఆయన నమ్మలేదని. రేపు మళ్లీ అడుగుతాడు.

దీనికంతటికీ మూలం ఆ పేర్లు కొట్టే మిషన్. పెళ్లికైనా, గృహప్రవేశానికైనా మా దగ్గర గిన్నెల మీద పేర్లు కొట్టించుకుని పంచుతారు. నాకు పైలట్ కోర్సులో సీటు వచ్చిన రోజు బాపు ఆగలేకపోయాడు. దుకాణంలోని డబ్బాలన్నిటి మీదా తన చేత్తో "పైలట్ ప్రగతి" అని కొట్టి చుట్టాలకీ, బజారు వాళ్లకీ పంచిపెట్టాడు. ఇంకా విమానం ముఖమైనా చూడలేదు నేను! ఇప్పుడు నాందేడ్‌లో ఎవరింటికి వెళ్లినా వాళ్ల చక్కెర నా పేరులోనే ఉంటుంది. మొన్న చిన్నత్త ఇంట్లో చాయ్ పెడదామని పొడి డబ్బా తీస్తే, దాని మీద కూడా నేనే.

అన్నం డబ్బా అక్కడ పెట్టి వెంటనే వచ్చేశాను.

జూలై 18

బాపమ్మకు విమానం పేరు చెప్పాను. నవ్వు ఆపుకోలేకపోయింది.

"సైన్యం విమానానికి రైతు పేరా? గీ బుద్ధి ఎవనికి పుట్టింది?"

నిజమే, నేనెప్పుడూ ఆలోచించలేదు. కృషక్ అంటే రైతే. "మల్ల గది నాగలి పట్టుకోని పోతదా?" అని అమ్మను కూడా పిలిచి చెప్పి నవ్వింది. డెబ్బై దాటినా మా బాపమ్మ జనాబాయి నోటికి పదును తగ్గలేదు.

పూనాలో ఉంటున్న కర్నల్ సుభాష్ సర్‌కు నా కృషక్ లోపలి ఫొటోలు పంపాను. పాత విమానాలంటే ఇష్టమున్నవాళ్లంతా ఉండే గ్రూపులో దొరికారు ఆయన. కుర్రతనంలో నిజంగా కృషక్ నడిపిన మనిషి! మీటర్లు ఏ వరుసలో ఉండేవో, తలుపు గొళ్లెం ఎటు తిరిగేదో అన్నీ ఆయనే చెప్పారు. పరిశీలకుడి సీటు పక్కన కిటికీ కొంచెం బయటికి ఉబ్బి ఉండాలట, తల బయటికి వంచి కిందికి చూడటానికి. రేపు చేస్తాను.

ఎంత హాయిగా ఉందో ఈ పని. ఇంకేమీ గుర్తుకు రాదు.

జూలై 22

గుర్తుకొచ్చింది.

పొద్దున దుకాణం దగ్గర ఎవడో స్టీలు బకెట్ల దొంతర కింద పడేశాడట, అమ్మ నవ్వుతూ చెబుతోంది. ఆ చప్పుడు నేను వినలేదు. అయినా చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి మేడ మీదికి వచ్చేశాను.

రాసేస్తే పోతుందేమో. ఒక్కసారి రాసి వదిలేస్తాను.

మేలో, నేను ఒక్కదాన్నే నడిపిన మూడో రోజు. దిగేటప్పుడు కొంచెం వేగంగా వచ్చాను. చక్రాలు నేలకు తగిలి విమానం పైకి ఎగిరింది. నేను ముక్కు కిందికి తోశాను. మళ్లీ తగిలి మళ్లీ ఎగిరింది, ఈసారి ఇంకా ఎత్తుకు. మళ్లీ తోశాను. మూడోసారి ముందు చక్రం విరిగి ముక్కు నేలను గీసుకుంటూ పోయింది. మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు. విచారణలో కూడా, కొత్తవాళ్లకు ఇలా జరుగుతుంటుంది, మళ్లీ నేర్పించండి అనే రాశారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇంక దీని గురించి రాయను.

జూలై 27, ఆదివారం

రన్‌వే దగ్గర ఎన్నో పరీక్షలయ్యాక, మొదటిసారి ఊరి మీద ఎగిరింది నా కృషక్! గోదావరి మీదుగా వెళ్లి, గురుద్వారా తెల్లగా కనబడుతుంటే ఒక చుట్టు తిప్పి, మన ఎయిర్‌పోర్టులోనే దించాను. ఎంత మెత్తగా దిగిందో! పత్తి మూట మీద కూర్చున్నట్టు. ఎన్నిసార్లు దించినా అంతే మెత్తగా. నేను మంచి పైలట్‌నే. మోకాలు ఒక్కటి బాగుపడితే చాలు.

ఫైలు కర్నల్ సర్‌కు పంపాను. ఆయన ఎగిరించి చూసి చెప్పాలి.

జూలై 28

ఆయన నుంచి ఏమీ లేదు.

జూలై 29

లేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. వంటింట్లోకీ మేడకీ ఎన్నిసార్లు తిరిగానో. అమ్మ అడిగింది, "మోకాలు నొప్పి లేదా గిన్ని మెట్లెక్కుతున్నవ్?" అని. ఉంది అన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

కోపంగా ఉంది.

కర్నల్ సర్ ఫోన్ చేశారు. హిందీలోనే మాట్లాడతారు ఆయన. ముందు ఎంతో పొగిడారు. కాక్‌పిట్ చూసి కళ్లు తడిశాయట, పాత స్నేహితులు గుర్తొచ్చారట, నాకూ కళ్లు తడిశాయి. తర్వాత గొంతు సవరించుకుని అన్నారు. "లేకిన్ బేటా, యే జహాజ్ తో సబ్ మాఫ్ కర్ దేతా హై."

అంటే ఏంటి సర్ అన్నాను. అన్నీ మాఫ్ చేస్తుందట! ఆయన కావాలని దాన్ని ఠపీమని నేలకేసి కొట్టారట, ఎగరలేదు, అతుక్కుపోయిందట. వంకరగా దించారట, తనంతట తనే సరి చేసుకుందట. "అసలు కృషక్‌ను అట్లా దించి ఉంటే నన్ను తీసుకెళ్లి పక్క పొలంలో పడేసేది," అని నవ్వారు. "బేటా, ఇంత మంచి విమానాన్ని ఎవరికోసం చేశావు?"

ఎవరికోసం ఏమిటి? అందరికోసం! నేను ఎన్ని పాత కాగితాలు చదివి చేశాను. ఎప్పుడో కుర్రతనంలో నడిపిన మనిషికి ఇంత గుర్తుంటుందా? మరిచిపోయి ఉంటారు. సరేలే, పెద్దాయన. సరే సర్, చూస్తాను అని పెట్టేశాను.

చూడను.

ఆగస్టు 3

చూశాను.

చక్రాలు నేలను తాకితే ఎంత ఎగరాలి, ముక్కు ఎంత వేగంగా లేవాలి, రెక్కల కింద గాలి ఎంతసేపు ఆపాలి, అన్నిటికీ ఫైల్లో అంకెలుంటాయి. అసలు ఉండాల్సిన అంకెలు నాకు తెలుసు, లెక్క నేనే కట్టాను. కానీ ఫైల్లో ఉన్నవి వేరు. చక్రాల ఎగురుడు దాదాపు చంపేశాను. నా చెయ్యి తొందరపడి ముందుకు తోస్తే ఆ తోయడం విమానానికి తెలియకుండా చేశాను. ఇంకో పైలట్ చేసే తప్పులకు కాదు, సరిగ్గా నేను చేసే తప్పులకే అందులో మెత్త పరుపు వేసి ఉంది.

ఎప్పుడు చేశానో గుర్తు లేదు. కొంచెం కొంచెంగా, ఎగిరించి చూసిన ప్రతిసారీ బాగా దిగాలని ఒక అంకె, ఇంకో అంకె. విమానాన్ని తయారు చేస్తున్నాననుకున్నాను. దాన్ని నా చేతికి సరిపడా కుట్టించుకున్నాను, దర్జీ దగ్గర జాకెట్టులాగా.

పరీక్ష కోసం అలా పెట్టి ఉంటాను. తర్వాత మార్చడం మరిచిపోయి ఉంటాను. అంతే అయ్యుంటుంది.

ఆగస్టు 10

సోనాలి వదిలిపెట్టలేదు, అమ్మ ఫోన్‌కు చేసింది. సెప్టెంబర్ పదిహేను లోపల వచ్చి, మాకు నేర్పే మంగేశ్ సర్ పక్కన కూర్చుని చూసే చెక్ ఫ్లైట్ ఇవ్వకపోతే నా పేరు తీసేస్తారట. తర్వాత మళ్లీ మొదటి నుంచి ప్రవేశం, అదీ దొరికితే. "అంతా నీకోసం అడుగుతున్నారు ప్రగతీ. మంగేశ్ సర్ కూడా. మోకాలు తగ్గిందా?"

ఆ మోకాలు అడిగిన తీరు నాకు నచ్చలేదు. కాశీరాం కాకా తల ఊపినట్టే ఉంది.

వస్తానన్నాను. ఎప్పుడో చెప్పలేదు. మోకాలు నొప్పి, నిజంగానే.

ఆగస్టు 14

అసలు అంకెలు పెట్టి దించి చూశాను.

ఎగిరింది. తోశాను. మళ్లీ ఎగిరింది.

కంప్యూటర్ ఆపేసి కిందికి వెళ్లి అమ్మ చేస్తున్న జొన్నరొట్టెలు రెండు తిన్నాను. ఆకలి లేదు.

ఆగస్టు 15

మళ్లీ అదే.

ఆగస్టు 16

పాత అంకెలు తిరిగి పెట్టేశాను. ఆటే కదా ఇది, జనం సరదాకు ఎగిరిస్తారు. వాళ్లను ఏడిపించడం ఎందుకు?

ఆగస్టు 17

మళ్లీ అసలు అంకెలు పెట్టాను. ఏమిటో, కుదురుగా ఉండలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. గది ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను.

ఆగస్టు 19, మంగళవారం

బాపమ్మ మేడ ఎక్కి వచ్చింది, రొప్పుతూ. "గా విమానంల నన్ను మా ఊరికి తీస్కపో," అంది.

ఆమె పుట్టిల్లు సర్ఖని. కిన్వట్ అవతల, అడవి పక్కన. బస్సులో పోతే నడుం విరుగుతుంది, అందుకే పోక చాలా ఏళ్లయింది. "నువ్వు విమానం నడుపుతున్నవ్ గద, నడుం నొయ్యదు."

పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పరిశీలకుడి సీటు నీదే బాపమ్మా, కింద ఏముందో చూసి చెప్పడం నీ పని అన్నాను. సంబరపడిపోయింది. నాందేడ్‌లో లేచి ఉత్తరం తట్టు తిప్పాను. నిజంగా చూస్తోంది! "గదేంది నల్లగా? చెరువా? గటు గుట్టలు... గా గుట్టల వెనుకనే మా ఊరు. కొంచెం కిందికి పోనియ్యి. ఇంకొంచెం." ఇళ్లు అన్నీ ఒకేలా ఉన్నాయి, కంప్యూటర్ ఊహించి పెట్టిన ఇళ్లు. అయినా ఆమె వాటిలో వాళ్ల అన్న ఇల్లు వెతికి పట్టుకుంది. "గిదే. బరాబర్ గిదే. పశులకొట్టం మాత్రం కూలగొట్టినట్టున్నరు." నేను కాదనలేదు.

ఊరి పక్కన పొలాల మధ్య ఖాళీ చోటు ఉంది. ఇటువంటి విమానాలు అలాంటి చోట కూడా దిగేవి. బాపమ్మ అడిగింది. "దిగుదామా?"

"వద్దు బాపమ్మా. ఇక్కడితో ఆపేద్దాం. ఒక్క బటన్ నొక్కితే ఆగిపోతుంది."

"గాలిలనే ఆపుతవా? ఏం బిడ్డా, మనల్ని గాల్లనే ఉంచుతవా? దించు!"

దించాను. అంటే ప్రయత్నించాను. తగిలింది, ఎగిరింది, తోశాను, తలకిందులైంది. స్క్రీనంతా గడ్డి. బాపమ్మ పకపకా నవ్వింది. "పడ్డం! మా అన్న చేన్లనే పడ్డం!"

నాకు నవ్వు రాలేదు. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. బాపమ్మ నవ్వు ఆపింది.

"పిల్లా, ఒకటి అడుగుత. విమానం భూమి తాకుడుకు ముందే కండ్లు ఎందుకు మూసుకున్నవ్?"

మూసుకోలేదన్నాను.

"నీ పక్కనే కూసున్న గద. చూస్తందుకే గద కూసోబెట్టినవ్. మూసుకున్నవ్. గట్టిగా మూసుకున్నవ్."

ఆగస్టు 20

మూసుకుంటున్నాను.

ఫోన్ కెమెరా నా ముఖం వైపు పెట్టి చూసుకున్నాను. ప్రతిసారీ. చక్రాలు తగలడానికి ముందు రెండు కళ్లూ గట్టిగా మూసేస్తున్నాను, తగిలాకే తెరుస్తున్నాను. అప్పటికి విమానం ఎగిరి ఉంటుంది. నేను ఏమీ చూడకుండా తోసేస్తున్నాను. మేలో కూడా ఇదే చేశానా? ఎలా తెలుస్తుంది? నా కళ్లు మూసి ఉన్నాయని నాకు ఎలా తెలుస్తుంది!

పాపం, ఆ విమానం మొత్తం నా మూసుకున్న కళ్ల కోసమే తయారయింది.

ఆగస్టు 21

కర్నల్ సర్‌కు నేనే ఫోన్ చేశాను. మే నెల సంగతి, కళ్ల సంగతి అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆయన వింటూనే ఉన్నారు. మధ్యలో "హా బేటా, హా బేటా" మాత్రం.

తర్వాత అడిగారు. "ఎగిరినప్పుడు ఏం చెయ్యాలని నేర్పారు?"

అందరికీ నేర్పేదే. తోయకూడదు. ఇంజన్ పూర్తిగా తెరిచి, ముక్కు అలాగే పట్టుకుని, పైకి వెళ్లిపోయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ రావాలి.

"తెలుసు కదా మరి. అయితే నీకు వచ్చు. కళ్లు తెరిచి ఉంచడం ఒక్కటే రాదు. అది ఇంట్లో నేర్చుకోవచ్చు."

అంత మామూలుగా అనేశారు, పప్పు ఎలా వండాలో చెప్పినట్టు. ఫోన్ పెట్టాక కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను.

ఆగస్టు 24

బాపమ్మకు ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీదికి వచ్చి నా పక్కన కూర్చుని స్క్రీను చూడదు, నా ముఖమే చూస్తుంది. నేల దగ్గరికి వచ్చేసరికి "కండ్లు! కండ్లు!" అని అరుస్తుంది. మొదట ఆ అరుపుకే ఉలిక్కిపడి విమానాన్ని బోర్లా వేశాను. అమ్మ కింద నుంచి "ఏమైంది, ఎవరు పడ్డరు?" అని కేక.

ఇవాళ కళ్లు తెరిచే ఉంచాను, ఒకసారి. విమానం ఎగిరింది. ఇంజన్ తెరిచాను. పైకి పోయింది. అంతే, పోయింది! చుట్టు తిరిగి వచ్చి మళ్లీ ఎగిరాను, మళ్లీ పైకి. బాపమ్మకు విసుగొచ్చింది. "దిగుతవా, ఊకె చుట్టూరంగ తిప్పుతవా? నాకు చాయ్ యాల్లైంది."

ఆగస్టు 28

వినాయకుడు వచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు. అందరూ అడిగేదొకటే. బాపు చెప్పేదొకటే. రిపేరు.

సర్, పదిహేను లోపల వెళ్లాలా అని కర్నల్ సర్‌ను అడుగుదామని ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. ఆయన్ని అడిగితే ఏం వస్తుంది? కంప్యూటర్‌లో కళ్లు తెరవడం వేరు.

వచ్చే బ్యాచ్‌లో చేరితే మాత్రం ఏమవుతుంది? దొరికితే. అన్నట్టు మోకాలు...

మోకాలు బాగానే ఉంది.

సెప్టెంబర్ 1, సోమవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

బాపుకు అన్నం డబ్బా తీసుకుని వెళ్లాను. దుకాణం వెనక వాకిలి నుంచి వెళ్లాను, ముందు నుంచి వెళ్తే కాశీరాం కాకా ఉంటాడని. లోపల గిరాకీ ఎక్కువగా ఉంది. బిలోలి నుంచి వచ్చిన ఒకాయన, కూతురికి నర్సింగ్ సీటు వచ్చిందట, చెంబుల మీద పేరు కొట్టించుకుంటున్నాడు. "మీ పైలట్ బిడ్డ డబ్బా మా అక్క ఇంట్ల చూసిన శేట్. గట్లనే కొట్టుండ్రి. నర్స్ జ్యోతి అని." కాశీరాం కాకా కూడా అక్కడే ఉన్నాడు, ఎప్పటిలాగే. నవ్వుతూ అన్నాడు. "అరే, వో పైలట్ తో జమీన్ పర్‌చ్ హై! నాగేశ్వర్ శేట్, ఔర్ కిత్తే దిన్ రిపేరీ?" పైలట్ నేల మీదే ఉందని, ఇంకెన్ని రోజులు రిపేరని బాపుకు ఎత్తిపొడుపు.

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేను బకెట్ల వెనక నిలబడిపోయాను.

మిషన్ చప్పుడు ఆగింది. బాపు గొంతు వినబడింది, అరవలేదు, మామూలుగానే.

"రిపేరు లేదు, గిపేరు లేదు కాకా. నేను అబద్ధం చెప్పిన. నా బిడ్డ విమానం దించంగ పడ్డది. దానికి భయమైంది. ఇంట్ల కూసున్నది."

బాపు అక్కడితో ఆగలేదు.

"భయం కాదా మరి? మనం ఎవ్వలమన్న ఎక్కినమా గాల్లకు? నువ్వు ఎక్కినవా కాకా? నేనైతే నిచ్చెనెక్కితే కాళ్లు వణుకుతయి. పోవాలనుకుంటే పోతది. వద్దనుకుంటే నా దుకాణం ఉన్నది, మా ఇల్లున్నది. డబ్బాల మీద పేరు కొట్టింది నేను. గది నా తప్పు, నా బిడ్డది కాదు."

మళ్లీ మిషన్ మొదలైంది. నర్స్ జ్యోతి.

నేను వెనక గదిలో స్టీలు బిందెల మధ్య కూర్చుని ఏడ్చాను. ముందు కోపంతోనే. నా సంగతి బజారులో చెప్పడానికి ఈయనెవరు అని! ఎంత సిగ్గు! తర్వాత ఆ కోపం ఎక్కడికి పోయిందో. అన్ని నెలలూ ఆ అబద్ధం మోసింది ఆయన. నన్ను కాపాడుతున్నాననుకుని మోశాడు. నాకు బాపు మీద ఎంత ప్రేమ వచ్చిందంటే లేచి వెళ్లి ఆయన్ని పట్టుకోవాలనిపించింది. వెళ్లలేదు. ముఖం కడుక్కుని, అన్నం డబ్బా బల్ల మీద పెట్టి, "బాపూ, చల్లారకముందే తిను," అని వచ్చేశాను. ఆయన తల ఎత్తలేదు. నేను విన్నానని ఆయనకు తెలిసింది.

ఇంటికొచ్చి ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ముక్కు గురించి ఉంది, మోకాలు గురించి ఉంది, కళ్ల గురించి ఉంది. ఆ ఒక్క మాట ఎక్కడా లేదు.

భయం. నాకు భయం. చచ్చేంత భయం.

ఇదిగో, రాశాను.

సెప్టెంబర్ 4

కృషక్‌ను నెట్‌లో జనంలోకి వదిలేశాను. అసలు అంకెలతో.

సెప్టెంబర్ 6

తిట్లే తిట్లు! ఎవరో బ్రెజిల్ నుంచి, ఇంకెవరో పోలండ్ నుంచి. దించడం అసాధ్యం, చక్రాలు తప్పు, కొట్టు కట్టేసుకో అని. కర్నల్ సర్ మాత్రం ఒక్క వాక్యం పంపారు. "అబ్ యే మేరా వాలా హై." ఇప్పుడు ఇది నా విమానమేనని.

బ్రెజిల్ వాడికి జవాబు రాశాను. ఎగిరితే తోయకు, చుట్టు తిరిగి రా, కళ్లు తెరిచి ఉంచు అని. రాసి పంపాక నేనే మళ్లీ చదువుకున్నాను. ఇంత ధీమాగా చెబుతున్న ఈ మనిషి ఎవరు?

కిందికి వెళ్లి అమ్మను అడిగాను, పెద్ద బ్యాగు ఎక్కడ పెట్టావని. అమ్మ నా ముఖం చూసింది. అటక మీదుంది తీస్త అంది. తీసేటప్పుడు ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

సెప్టెంబర్ 9

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. బాపు స్కూటర్ మీద బస్టాండుకు తెచ్చాడు. కిటికీ కింద నిలబడి అన్నాడు. "ఎట్లుంటే గట్ల రా బిడ్డా. పైలట్ అయి రావాలని లేదు." నేను నవ్వాను. ఆయన నవ్వడానికి చూశాడు, కుదరలేదు. బస్సు కదిలింది.

భయంగా ఉంది. రాయడం అలవాటు చేసుకుంటున్నాను.

సెప్టెంబర్ 11

రేపు పొద్దున చెక్ ఫ్లైట్. మంగేశ్ సర్‌తో. నిద్ర రాదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మంగేశ్ సర్ పక్కన కూర్చున్నారు. ఎక్కేముందు చెప్పాను, "సర్, నాకు భయంగా ఉంది. దిగేటప్పుడు కళ్లు మూసుకుంటాను. మానుతున్నాను." ఆయన నా వైపు చూసి, "చెప్పావు, మంచిది. నేను నీ కళ్లే చూస్తుంటా," అన్నారు మరాఠీలో.

మూడు చుట్లు. మూడుసార్లూ దిగాను. రెండుసార్లు కొంచెం గట్టిగానే. మూడోసారి దిగాక రన్‌వే చివర ఆపమన్నారు. ఇంజన్ నడుస్తుండగానే బెల్టు విప్పుకుని, తలుపు తెరిచి, దిగిపోయారు. గాలికి ఆయన చొక్కా ఎగురుతోంది. ఏదో అరిచారు, వినబడలేదు. చేత్తో చూపించారు, వెళ్లు అని.

వెళ్లాను.

పైకి లేచాక పక్క సీటు ఖాళీగా ఉంది. ఎవరూ నా ముఖం చూడటం లేదు. ఒక్క క్షణం అనిపించింది, ఇక్కడే ఉండిపోతే బాగుండు, పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతూ. దిగడానికి వచ్చాను. వేగం కాస్త ఎక్కువైంది, తెలుస్తూనే ఉంది. నేల దగ్గరికొచ్చింది. కళ్లు మూతపడబోయాయి. గొంతు చించుకుని అరిచాను, "భయం! భయం! భయం!" అని, ఆ ఇంజన్ చప్పుడులో, పిచ్చిదానిలా. కళ్లు తెరిచే ఉన్నాయి. చక్రాలు తగిలాయి. ఎగిరింది.

చూశాను. ఆ ఎగరడం మొత్తం చూశాను. రన్‌వే కిందికి పోవడం, గడ్డి, దూరంగా నిలబడ్డ మంగేశ్ సర్, అన్నీ. చెయ్యి తోయలేదు. ఆ చెయ్యే ఇంజన్ తెరిచింది. పైకి వెళ్లిపోయాను.

చుట్టు తిరిగి మళ్లీ వచ్చాను. ఈసారి వేగం సరిగ్గా ఉంది. తగిలింది. నిలబడింది.

విమానం ఆపి, ఇంజన్ ఆపి, అన్ని స్విచ్చులూ సరిగ్గా వేశాను. తర్వాత దిగలేకపోయాను. మంగేశ్ సర్ దగ్గరికి వచ్చి, లోపలికి ఒక్కసారి చూసి వెనక్కి వెళ్లిపోయారు. ఆ చిన్న వేడి డబ్బాలో కూర్చుని ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

హాస్టల్ మంచం మీద ఉన్నాను ఇప్పుడు. మధ్యాహ్నం దాటింది. బాపు దుకాణంలో ఉంటాడు. బాపమ్మ పడుకుని ఉంటుంది. అమ్మ ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటుంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబితే బజారంతా తెలిసిపోతుంది.

చెబుతాను. కొంచెం ఆగి. అంతదాకా ఇది నా ఒక్కదానిదే ఉండనీ.